పాప తప్ప అన్నీ ఉన్న మంచం

పాపకు ఆ రోజు ఇరవై ఒకటో రోజు. మధ్యాహ్నం పేరు పెట్టాలి. ఆలోగా పాపకు ఒక నిద్ర, తనకు తలస్నానం. లంజిపల్లిలోని ఆ ఇంట్లో సరళ పొద్దున్నే అనుకున్నది ఇంతే.

అడ్డమల్లా ఆవాల దిండు. దాని మీద పడుకోబెడితేనే పిల్లల తల గుండ్రంగా వస్తుందని అత్తగారు బంగారమ్మ నమ్మకం. దిండూ బొంతా బొమ్మా ఏవీ వద్దు, గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టు, మెత్తటివి ముక్కుకు అడ్డుపడితే పసిపిల్ల తప్పించుకోలేదు అని ఆస్పత్రి నర్సు చెప్పింది. అప్పటి నుంచి సరళ పాప ఊపిరి లెక్కపెడుతూనే ఉంది.

"మీ ఆయన తల సూడు, లడ్డూలాగ లేదూ?" అంది బంగారమ్మ, చిన్న మంచంలో దిండు సర్దుతూ.

"నర్సు దీదీ ఒద్దంది అత్తయ్యా."

"దీదీకేటి తెలుసు, ఇంకా పెళ్లే అవలేదు."

బంగారమ్మ దేవుడి గదిలోకి వెళ్లగానే సరళ పాపను వెనక గదికి తీసుకెళ్లి, చాప మీద దుప్పటి బిగుతుగా పరిచి పడుకోబెట్టింది. "గంటకి నిద్రపోయింది. నోరిప్పకండి, కదలకండి," అని భర్త ఈశ్వర్‌ను పక్కన కూర్చోబెట్టి స్నానానికి వెళ్లింది.

అంతలో దిగపహండి బస్సు దిగి బంగారమ్మ ఆడపడుచు సీతాలు వచ్చింది. తనూ ఒక ఆవాల దిండు తెచ్చింది. దాన్ని ఖాళీ మంచంలో మొదటి దిండు పక్కనే పెట్టి, దుమ్ము పడకుండా బొంత కప్పి వంటింట్లోకి వెళ్లింది. మామగారు ఢిల్లీశ్వరరావు ఎత్తుగా ఉన్న బొంతను చూశాడు. ఫ్యాను గాలి తగులుతుందని శాలువా కూడా కప్పాడు. పక్కింటి అరుణజ్యోతి దూది ఎలుగుబంటిని తోడు పడుకోబెట్టింది.

"నిద్రలో కూడా నా పోలికే," అన్నాడు ఢిల్లీశ్వరరావు శాలువా వైపు చూసి.

"కదల్దు, మెదల్దు. ఎంత బుద్ధిమంతురాలో," అంది అప్పుడే వచ్చిన బంగారమ్మ.

"ఏటి పిన్నీ, అసలు కదలడమే లేదు?" అంది అరుణజ్యోతి.

బంగారమ్మ ముఖం పాలిపోయింది. శాలువా లాగింది, బొంత లాగింది. దిండు, ఇంకో దిండు. పాప లేదు. దిండు కుట్టు తెగి ఆవాలు గదంతా దొర్లాయి. వీధిలోకి పరుగెత్తబోయిన ఢిల్లీశ్వరరావు వాటి మీద జారి కూలబడ్డాడు.

"పిల్లేదే సీతాలూ?" అని అరిచింది బంగారమ్మ.

"నాకేటి తెలుసు వదినా, నేను పెట్టింది దిండే."

ఈ గోలంతా వింటూనే నోరిప్పని ఈశ్వర్ ఇక ఆగలేక వెనక గది తలుపు తీసి, పెదవుల మీద వేలుంచి రమ్మని సైగ చేశాడు.

బోసి దుప్పటి మీద పాప వెల్లకిలా పడుకుని ఉంది. పిడికిళ్లు రెండూ చెవుల పక్కకి ఎత్తుకుంది. చిన్న పొట్ట లేస్తోంది, దిగుతోంది. ముఖానికి ఏ అడ్డూ లేదు. ఊపిరి పీల్చడం ఇంత పెద్ద పని అని ఇప్పుడే తెలిసినట్టు అంతా నిలబడిపోయారు. తడి జుట్టుతో వచ్చిన సరళ వైపు కూడా ఎవరూ తల తిప్పలేదు.

"ఆ బొంత కింద నిజంగా ఉండుంటే," అని బంగారమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నానికి చిన్న మంచంలో పాప తప్ప ఏమీ లేదు. పక్కన బంగారమ్మ కాపలా కూర్చుంది. పంతులుగారు అక్షింతలు తీయగానే ఆయన చేతికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"పక్క మీద ఏటీ ఒద్దు బాబూ. ఏడాది నిండాక ఎయ్యండి."

పంతులుగారు అక్షింతలు ఢిల్లీశ్వరరావు మీద చల్లి, పేరు మాత్రం పాపకు పెట్టారు.