వంతెన బాగు చేయమన్న వారందరికీ అభినందనలు

మహారాష్ట్రలో ఇస్లాపూర్ దాటి తెలంగాణ హద్దు వైపు పోతే వచ్చే మా ఊరు ఇంగ్లీషు భాషలో సంపూర్ణ ప్రగతి సాధించిందని ప్రకటించడానికి సంతోషిస్తున్నాము. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, అంగట్లో హిందీ మాట్లాడే మాకు నాలుగో భాష పెద్ద బరువేమీ కాదు. పైగా మేము ఇంగ్లీషంతా నేర్చుకోలేదు. ఒక్క వాక్యం నేర్చుకున్నాము. అదే సరిపోయింది.

ఆ వాక్యం నేర్పినవాడు మయూర్ సార్. నాందేడ్‌లో వాళ్ల నాయనకు బట్టల దుకాణం ఉంది. నాందేడ్‌లో గల్లీకొక ట్యూషన్ ఉండటం వల్ల, పిల్లలకంటే మాస్తర్లే ఎక్కువై, ఆయన పల్లెలను ఉద్ధరించడానికి బయలుదేరాడు. సాయంత్రాలు పంచాయతీ ఆఫీసులో క్లాసు పెట్టాడు. ముందు వరుసలో సర్పంచ్ నాగనాథ్, ఆయన పక్కన మేమంతా భావూసాహెబ్ అని పిలిచే పంచాయతీ కార్యదర్శి, అంటే గ్రామసేవక్, నితీశ్. వెనుక మిగతా ఊరు.

మొదటి రోజు సార్ తడిసిన ప్యాంటుతో వచ్చాడు. మా ఊరి వాగు మీద సిమెంటు గొట్టాల వంతెన ఒకటి ఉంది. పోయినేటి వానలకు దాని నడుమ ఒక బొంద పడింది. సార్ మోటారు సైకిలు ముందు చక్రం అందులో దిగి, సార్ వాగులో దిగాడు. అందుకని బోర్డు మీద మొదటి వాక్యం ఇలా రాశాడు: ఐ వాంట్ యూ టు రిపేర్ ద బ్రిడ్జ్.

"జర మంచిగ చూడుండ్రి," అన్నాడు. "ముందు కోరేటోడు. నడుమ చేసేటోడు. ఆఖర్ల పని. వాంట్ అను, ఆస్క్ అను, టెల్ అను, ఆర్డర్ అను, కట్టు ఒక్కటే. నడుమ మనిషిని పెట్టాలె. పెట్టకుంటే వాక్యం నిలబడది."

ఇంత కఠినమైన పాఠం మాకు వెంటనే ఎక్కినందుకు సార్ ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపడవలసింది లేదు. మా ఊళ్లో తాతల నాటి నుంచి చెప్పడమంటే చేయడమే. "చెప్పిన గదా" అన్నాక ఆ పని అయిపోయినట్టే లెక్క. మళ్లీ అడిగినవాడు మర్యాద తెలియనివాడు. బడి నల్లా గురించి సర్పంచ్ భావూసాహెబ్‌కు చెప్పాడు. భావూసాహెబ్ తాలూకాలో చెప్పాడు. తాలూకా వాళ్లు ఇంకెవరికో చెప్పారు. నల్లా నుంచి నీళ్లు రాలేదు కాని, ఎవరి మీదా మాట రాలేదు. ఇన్నాళ్లూ దీన్ని కొంచెం సిగ్గుపడుతూ తెలుగులో చేసేవాళ్లం. ఇంగ్లీషు వాళ్లకు ఇది ఏకంగా నియమమని తెలిశాక మాకు ధైర్యం వచ్చింది.

క్లాసు జోరు మీద ఉండగా ఇందుబాయి వచ్చి గడపలో నిలబడింది. ఆమె ఇల్లు వాగుకు ఇవతల, గడ్డి ఉన్న చెలక అవతల. ఆమెకున్న ఆధారం ఒక్క బర్రె. అది చూడి మీద ఉంది. ముందటి రోజే దాని వెనుక కాలు బొందలో మోకాలి దాకా దిగిపోతే నలుగురు పట్టి లేపారు.

"బిడ్డా నాగనాథ్, ఆ బొంద పూడ్పియ్యి. బర్రె కాలు ఇరిగితే నేనేం తిని బతకాలె?"

"భావూసాహెబ్‌కు చెప్పిన చిన్నమ్మా."

"తాలూకాల చెప్పిన బాయీ," అన్నాడు భావూసాహెబ్.

"అందరు చెప్పుడేనా? ఇనేటోడు ఎవడన్న ఉన్నడా?"

మయూర్ సార్ ముందు వరుస వారి రెండు జవాబులనూ చప్పట్లు కొట్టి మెచ్చుకున్నాడు. ఆ రెంటినీ బోర్డు మీద ఇంగ్లీషులో రాయించాడు కూడా. ఇందుబాయి ప్రశ్న చివరి అధ్యాయంలో వస్తుందని, అంతదాకా ఓపిక పట్టాలని చెప్పాడు. చూడి బర్రె కూడా ఓపిక పట్టాలన్నమాట.

ఆ మీదట క్లాసు వంతెన దగ్గరికే మారింది. చూపించి నేర్పితే చదువు మనసుకు పడుతుందని సార్ నమ్మకం. జనం బొంద చుట్టూ నిలబడి వేలు చూపిస్తూ, "ద సర్పంచ్ టోల్డ్ ద గ్రామసేవక్ టు రిపేర్ ద బ్రిడ్జ్" అని ఒక్క గొంతుతో అనేవారు. ఆ వాక్యాన్ని పంచాయతీ గోడ మీద నీలిరంగుతో రాయించారు. బొందలో ఎవరూ చెత్త వేయకుండా చుట్టూ ముళ్లకంప పెట్టారు. విద్యా సామగ్రి పాడవగూడదు కదా.

ఈ కీర్తి తాలూకాకు చేరి, ఒక పెద్ద సాహెబ్ జీపులో వచ్చారు. మా వాక్యం విని కళ్లు తుడుచుకుని ఉపన్యసించారు: "ఈ గ్రామస్తులు వంతెన కావాలని ఊరికే గొంతు చించుకోలేదు. ఎవరు ఎవరికి చెప్పాలో నేర్చుకున్నారు. ఇదే వికాసం. ఈ వంతెనను తక్షణం బాగు చేయవలసిందిగా సంబంధిత శాఖకు తెలియజేయవలసిందిగా నా కింది అధికారులను ఆదేశిస్తున్నాను!"

చప్పట్లు మారుమోగాయి. ఒకే వాక్యంలో నడుమ ఇద్దరిని పెట్టడం పై క్లాసు పాఠమని మయూర్ సార్ మాకు చెవిలో చెప్పాడు. వానాకాలం మొదట్లో మళ్లీ వచ్చి ఆదర్శ ఆంగ్ల గ్రామం పురస్కారం ఇస్తామని చెప్పి సాహెబ్ వెళ్లారు. జీపు బొందను తప్పించి, చాలా జాగ్రత్తగా పోయింది.

మృగశిర కార్తె దగ్గరపడింది. బర్రెకు నెలలు నిండాయి. ఒక పొద్దున ఇందుబాయి ముళ్లకంప పక్కకు లాగి, తట్టలో రాళ్లు, పగిలిన కవేలు పెంకులు తెచ్చి బొందలో పోసింది. పైన మొరం మట్టి పోసి కాళ్లతో తొక్కింది. బర్రెను తోలుకుని అవతలికి పోయింది. అంతే.

మా ఊరు ఇంత అలజడి ఎన్నడూ చూడలేదు. ఆమెను పంచాయతీకి పిలిపించారు.

"నీకు ఎవలు పూడ్చమన్నరు చిన్నమ్మా?" అన్నాడు సర్పంచ్.

"ఎవలన్లేదు."

"మరి ఎట్ల పూడ్చినవ్?"

"తట్టతోని."

మయూర్ సార్ ఆమె పనిని వాక్యంలో పెట్టడానికి బోర్డు దగ్గర చాలాసేపు కష్టపడ్డాడు. చివరికి సుద్దముక్క కింద పెట్టేశాడు. "ముందటోడు లేడు, నడుమటోడు లేడు. ఇందుబాయి పూడ్చింది. గింతే అస్తున్నది సాబ్. ఇది మన పాఠంలనే లేదు."

భావూసాహెబ్ బాధ వేరు. పెద్ద సాహెబ్ పురస్కారం తెచ్చేసరికి బొంద లేకపోతే గోడ మీది వాక్యానికి అర్థమేముంటుంది? కాబట్టి రాళ్లు తీసివేసి, బొందను పూర్వస్థితికి తేవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇందుబాయి ముఖం తెల్లబోయింది. "బర్రె రేపో మాపో ఈనుతది. మళ్ల బొంద తీస్తే ఎట్ల దాటాలె నాగనాథ్? తీసేటోడెవడు, నువ్వేనా?"

"నేనెందుకు తీస్త? భావూసాహెబ్‌కు చెప్పిన."

ఆమె భావూసాహెబ్ వైపు చూసింది. "నువ్వు తీస్తవా సాబ్?"

"నా పనా అది? తాలూకాల చెప్త."

ఇందుబాయి కొంగుతో మొహం తుడుచుకుంది. "గట్లనా! మరి ముందుగాల్నే చెప్పద్దా? ఊకెనే భయపడితి," అని బర్రెను తోలుకు రావడానికి నింపాదిగా లేచిపోయింది.

ఆమె నమ్మకం వమ్ము కాలేదు. రాళ్లు తీయమని అందరూ అందరికీ చెప్పారు. వానలు పడ్డాయి, వాగు పారింది, రాళ్లు కదలలేదు. బర్రె సుఖంగా ఈని దుడ్డెను ఇచ్చింది. చెప్పిన తేదీకి సాహెబ్ వచ్చి, జీపు దిగి, బొంద ఉండవలసిన చోట నిలబడి పులకించిపోయారు. "చూశారా! నేను ఒక్క మాట చెప్పాను, పని జరిగింది!" ఆ మాటనే మయూర్ సార్ మన పాఠం కట్టులో పెట్టి గోడ మీద కొత్త వాక్యంగా రాయించాడు. అందులో ముందు సాహెబ్ ఉన్నారు, నడుమ ఆయన కింది అధికారులు ఉన్నారు, చివర వంతెన ఉంది. ఇందుబాయికి ఎవరూ చెప్పలేదు కనుక ఆమె పేరు ఎక్కడా పట్టలేదు.

ఇటీవల వంతెన అవతలి కొసన ఇంకో బొంద పడింది. సర్పంచ్‌కు చెప్పాము, ఆయన చెప్పవలసిన వారికి చెప్పాడు. ఇప్పుడు మీకూ చెప్పాము. మీరు చదివి, అయ్యో అనుకుని, ఎవరికైనా చెబుతారని మాకు తెలుసు. అంతకు మించి శ్రమ పడకండి. ఇందుబాయి తట్ట ఇంకా గట్టిగానే ఉంది.