నేల గడ్డకట్టే తేదీ

మనిషి తనకు తోచిన చోట మొక్క నాటుకుంటూ వచ్చినన్నాళ్లూ నాగరికత మొదలే కాలేదనీ, అది కిందటి జూన్‌లో మంగళగిరి దగ్గర హరితశోభ లేఅవుట్‌లో మొదలైందనీ అక్కడి ఉద్యాన ప్రణాళికా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఏకగ్రీవమంటే మీటింగులో మెలకువగా ఉన్నవాళ్లందరూ అని అర్థం.) ఇకపై ఎవరి పెరట్లో గునపం దిగాలన్నా ముందు కంప్యూటర్‌లో తోట ప్లాను గీయాలి, దానికి సంఘం ఆమోదముద్ర పడాలి. మనసుకు తోచినట్టు నాటడం నిషేధం.

ఆ వారంలోనే, ఆ లేఅవుట్‌లోనే ఉండే నసీమా తడి గోనెసంచి ఒకటి పట్టుకుని బస్సు దిగింది. హనుమాన్ జంక్షన్‌లో ఆమె పుట్టింటిని రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తున్నారు. "రేపు పొద్దున్నే మిషనొస్తదంట ఆపా, నీకేం గావాలో పట్టుకుపో" అని తమ్ముడు అఫ్రాజ్ ఫోన్ చేశాడు. ఆమె బీరువా వద్దంది, పందిరిమంచం వద్దంది. పెరట్లో అమ్మ పెంచిన గోరింట చెట్టు కొమ్మలు నాలుగు విరుచుకుని వచ్చేసింది. ప్రతి పండక్కీ ఆ ఆకే రుబ్బి అమ్మ ఆమె చేతులకు పెట్టేది. అమ్మ పోయింది, ఇప్పుడు ఇల్లూ చెట్టూ కూడా పోయాయి. మిగిలిందల్లా ఆ సంచిలో ఉన్నదే.

ఎక్కడ నాటాలో ఆమె ఆలోచించనే లేదు. గిన్నెలు తోమిన నీళ్లు పారే మూలకు కాళ్లే తీసుకెళ్లాయి. అట్లకాడతో మట్టి పొడవబోతుంటే మొగుడు రహ్మాన్ పరుగున వచ్చాడు.

"ఆగాగు నసీమా! అది సీటింగ్ జోను!"

"గిన్నెలు తోమే చోట ఎవరు కూర్చుంటారండీ?"

"ఎవరో ఒకళ్లు కూర్చుంటారు. ప్లాన్లో ఉంది. అప్రూవల్ వచ్చేదాకా బకెట్లో పెట్టు. సెక్రటరీ ఇంట్లోనే రూలు తప్పితే రేపు నేనెవర్ని అడగ్గలను?"

రహ్మాన్‌కు విజయవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్టు ఉంది. జన్మలో కొలవకుండా జానెడు గుడ్డ కూడా చించి ఎరగడు. సంఘం అతన్ని కార్యదర్శిగా ఎన్నుకున్నది ఆ గుణం చూసే.

అప్రూవల్ మాత్రం ఎవరికీ రాలేదు. ప్లానులు గీసే ప్రోగ్రాం ఏదో చలిదేశంలో తయారైంది. అది అందరినీ ఒకే ప్రశ్న దగ్గర ఆపేసింది. 'మీ ప్రాంతంలో నేల ఏ తేదీన గడ్డకడుతుంది?' ఖాళీ వదిలితే ముందుకు కదలదు. ఎప్పుడూ గడ్డకట్టదని చెప్పే వీలు లేదు. (అలాంటి ఊళ్లలోనూ మనుషులుంటారని దాన్ని తయారుచేసినవాళ్ల చెవిన ఎవరూ వేసినట్టు లేదు.) బయట నలభై మూడు డిగ్రీల ఎండ కాస్తుండగా 'గడ్డకట్టు తేదీ నిర్ధారణ ఉపసంఘం' ఏర్పాటైంది.

ఉపసంఘం తీవ్రంగా చర్చించి, విజయవాడ చుట్టుపక్కల ఏదైనా గడ్డకడుతున్నదంటే అది ఐసు ఫ్యాక్టరీలోనేనని కనిపెట్టింది. వెంటనే ఫ్యాక్టరీ యజమాని పుల్లయ్యకు ఫోన్ చేసి, తేదీ చెప్పమని అధికారికంగా కోరింది.

"కరెంటుంటే రోజూ గడ్డకడద్దండీ" అన్నాడు పుల్లయ్య. "ఏం, పెళ్లి ఆర్డరా?"

జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి వరకు అని ఉపసంఘం నివేదిక ఇచ్చింది. దాన్ని ఎక్కించగానే ప్రోగ్రాం చకచకా పని పూర్తి చేసింది. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే ఈ నేలలో ప్రాణమున్నదేదీ నాటరాదనీ, తెల్ల గులకరాళ్లు, ప్లాస్టిక్ గడ్డి, సిమెంటు పుట్టగొడుగులు శ్రేష్ఠమనీ తేల్చింది. ఇంటింటికీ అదే ప్లాను, ఆమోదముద్రతో సహా.

బకెట్లో గోరింట కొమ్మలు ఈలోగా, ఎవరి అనుమతీ లేకుండా, చిగుళ్లు వేశాయి. నసీమా సంఘం అధ్యక్షుడు వెంకటసుబ్బారావు గారి ఇంటికి వెళ్లింది. ఆయన రిటైర్డ్ ఇంజనీరు.

"ఒక్క మూల వదలండి సార్. మా అమ్మ చెట్టు."

"మీ బాధ నాకు తెలీదా అమ్మా?" ఆయన తువ్వాలుతో మెడమీది చెమట తుడుచుకున్నారు. "కానీ నేల గడ్డకట్టి ఉంది గదా, ఏం చేస్తాం?"

"గడ్డకట్టిందా? చెయ్యి పెట్టి చూడండి సార్, కాల్తంది!"

"చెయ్యి పెట్టి చూడటం పాత పద్ధతమ్మా."

నసీమాకు ఏడుపొచ్చింది, దాన్ని తోసుకుంటూ కోపమొచ్చింది. ఇంటికొచ్చి నాలుగు కొమ్మలూ ఆ మూలనే పాతేసింది. మర్నాడు తనిఖీ. రహ్మాన్ వాటిని తన చేత్తోనే, ఎంతో మర్యాదగా పీకాడు. మొదళ్లలో అప్పుడే తెల్లటి వేళ్లు దారాల్లా దిగుతున్నాయి. తిరిగి పెట్టుకుందామంటే బకెట్టు లేదు. అనుమతి లేని జలాశయం కింద రాసి దాన్ని బోర్లించి పట్టుకుపోయారు. ఆ మూల ప్లాస్టిక్ గడ్డి పరిచారు. పిట్టగోడ మీద పెట్టిన కొమ్మలు సాయంత్రానికి వరుగులయ్యాయి.

"పండక్కి మెహందీ కోన్ తెచ్చిస్తాలే" అన్నాడు రహ్మాన్.

మొగుడి మీద అంత అసహ్యం నసీమాకు అంతకు ముందెన్నడూ కలగలేదు.

ఆ తర్వాత జరిగిన తోటల పోటీలో ఉత్తమ గృహోద్యానంగా వాళ్ల ఇల్లే ఎంపికైంది. అయితే పోటీకి వచ్చిన న్యాయనిర్ణేత, కాలనీ తోటల్లో సహజత్వం కాస్త లోపించిందని ఒక ముక్క రాసి పోయాడు. సంఘం దాన్ని తీవ్రంగా పరిగణించింది. మనసుకు తోచినట్టు తోట వేయడంలో గృహిణులందరికీ శిక్షణ తప్పనిసరి చేసి, కీర్తన అనే నిపుణురాలిని పిలిపించింది. మొదటి క్లాసు నసీమా పెరట్లోనే.

"కళ్లు మూసుకోండి మేడం" అంది కీర్తన మృదువుగా. "ప్లాను మర్చిపోండి. మీ చేతులేం నాటాలంటున్నాయి? కాళ్లెటు వెళ్దామంటున్నాయి?"

నసీమా కళ్లు మూసుకుంది. ప్లాస్టిక్ గడ్డి వేడి చెప్పుల్లోంచి తగులుతోంది.

"ఏమీ అంటంలేదమ్మా."

"ఏమీ? ఎక్కడికీ?"

"ఎక్కడికీ."

"సూపర్ మేడం! మనసు ఇంత ఖాళీ అవడానికి మిగతావాళ్లకి నెలలు పడద్ది!"

అందరూ చప్పట్లు కొట్టారు, రహ్మాన్ అందరికంటే గట్టిగా. నసీమాకు మొక్కలు నాటడం వచ్చునని ధ్రువీకరిస్తూ సంఘం ఆ సాయంత్రమే సర్టిఫికెట్టు ఇచ్చింది.