మంచుగుడి మొక్కు

ఆ రోజుల్లో మాదాపూర్ మొత్తానికి క్రాపు ఉన్నవాళ్లు ఇద్దరే. ఒకరు పట్వారీగారి అల్లుడు, రెండోవాడు మొగిలి. మొగిలి బంజారాహిల్స్‌లో ఒక ఇంగ్లీషు దొర బంగళాకు తోటమాలి. మొక్కలకు నీళ్లు మరిచిపోయినా క్రాపుకు కొబ్బరినూనె మరిచిపోయేవాడు కాదు.

రెండేళ్ల కిందట అతనికి చలిజ్వరం ముదిరితే, భార్య సత్తెమ్మ మొగుడి తలనీలాలు యాదగిరిగుట్ట స్వామికి మొక్కుకుంది. జ్వరం తగ్గింది. దారిలో రజాకార్లున్నారని మొగిలి ప్రయాణం ఏడాది పాటు వాయిదా వేశాడు. పోలీసు చర్యతో రజాకార్లు పోయారు, మొగిలి సాకూ పోయింది. మర్నాటి నుంచి మోకాళ్ల నొప్పి మొదలైంది.

అంతలో దొర దేశం వదిలి పోతూ అతనికి పటం కట్టిన ఒక జపాను బొమ్మ ఇచ్చాడు. చెరువు, దాని ఒడ్డున ఎర్రటి గుడి, గుడి మీదా చెట్ల మీదా మంచు. గొడుగు పట్టుకుని గుడివైపు నడుస్తున్న ఒక ఆడమనిషి. మొగిలి ఆ గుడిని ఒక్కసారి చూశాడు, తన క్రాపును తడుముకున్నాడు, బొమ్మను ఇంటికి తెచ్చి గోడకు మేకు కొట్టి తగిలించాడు.

"ఏందయ్యా ఇది?"

"జపాను దేవుని గుడి. శాన మహిమ గలది. ఈడ మొక్కు తీరిస్తే గుట్టకు పోయినట్టే."

"ఎంటికలు?"

"ఈయన ఎంటికలడగడు. టెంకాయ సాలు."

సత్తెమ్మ ఆ రోజు నుంచి పొద్దున్నే వాకిలి ఊడ్చి బొమ్మ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమెకు ఆ బొమ్మ నిజంగానే నచ్చింది. చూసేకొద్దీ అందులో ఏదో ఒకటి కొత్తగా కనిపించేది.

"గా ఆడామె ఒక్కతే పోతున్నదేంది? పెనిమిటేడి?"

"ఇంట్ల ఉండొచ్చు."

"ఆయనకూ మోకాళ్ల నొప్పా?"

మొగిలి బీడీ తీశాడు. దేవుని ముందు బీడీ ఏమిటని సత్తెమ్మ బయటికి పంపింది. వారం తిరిగేసరికి ఊళ్లోని ఆడవాళ్లంతా పసుపు కుంకుమలతో రాసాగారు. వచ్చినవాళ్లందరికీ మొగిలి స్వయంగా మహిమలు చెప్పాడు. రోజుకొకటి పెంచి మరీ చెప్పాడు.

ఆదివారం అందరూ ఉండగా సత్తెమ్మ బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఎంటికలడగడంటివి. మరి ఈయనెవరు?"

మొగిలి వంగి చూశాడు. గుడి మెట్ల మీద బియ్యపుగింజంత మనిషి నిలబడి ఉన్నాడు. నున్నటి గుండు. బొమ్మను మోసుకొచ్చి మేకు కొట్టినవాడు మొగిలే గానీ, దాన్ని సరిగ్గా చూసింది మాత్రం సత్తెమ్మ.

"ఆయన... పూజారేమో."

"పూజారే ఎంటికలిచ్చిండు. నీకేమాయె?"

ఆడవాళ్లంతా మొగిలి తలవైపు చూశారు. ఇది గుడి కాదంటే తాను చెప్పిన మహిమలన్నీ అబద్ధాలు, గుడే అంటే క్రాపు గోవిందా. సత్తెమ్మ ముందే పిలిపించిన క్షురకుడు పోచయ్య అప్పటికే వాకిట్లో కత్తి నూరుతున్నాడు.

"గుడి ఇంట్లనే ఉండె. ఇగ మోకాళ్ల ఫికరెందుకు, కూసో" అంది సత్తెమ్మ.

పావుగంటలో పని అయిపోయింది.

"మొక్కు తీరినట్టేనా?" అన్నాడు మొగిలి నీరసంగా.

"ఈ దేవునిది తీరింది. గుట్ట స్వామిది అట్లనే ఉన్నది. మళ్ల పెరగనీ, పోదాం."

మొగిలి బొమ్మ ముందు కూలబడ్డాడు. కిటికీలోంచి చల్లటి గాలి గుండుకు తగిలింది. ఆ మంచును ఎంత బాగా వేశారో అతనికి అప్పుడే తెలిసింది.