ఎవరూ ఎక్కని లిఫ్టు

మనిషి మాట నమ్మకూడదని నాగరిక ప్రపంచం ఎప్పుడో తీర్మానించుకుంది. యంత్రం మాట నమ్మి తీరాలని ఈమధ్యే తీర్మానించుకుంది. ఈ రెండు తీర్మానాల నడుమ మిగిలిన కాస్త ఖాళీలో కొందరు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. (ఖాళీ ఉందని ప్రకటన వేసే పిలిచారు.)

అలా వచ్చిన మనిషే అనుమానం మేడమ్. లిఫ్టులను నడిపే ప్రోగ్రాములు రాసే కంపెనీలో తప్పులు పట్టడం ఆమె పని. ఆమె అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఎవరి నోటా లేదు.

ఆ ఏడాది కంపెనీ ఒక ఋజువు యంత్రాన్ని తెప్పించింది. (నిజానికి అదీ ప్రోగ్రామే. యంత్రమంటేనే పైవాళ్లు గౌరవిస్తారు.) మనిషైతే బటన్లు వెయ్యిసార్లు నొక్కి చూసి చేతులు దులుపుకుంటాడు. ఇది అలా కాదు. ఎవరు ఏ బటన్ ఏ వరసలో నొక్కగలరో అన్నీ తానే లెక్కలోకి తీసుకుంటుంది. నియమం ఎక్కడా తప్పదని తేలితే పచ్చచుక్క పెడుతుంది. తప్పితే ఎర్రచుక్క పెట్టి, ఎలా తప్పుతుందో పూసగుచ్చినట్టు చెబుతుంది.

నాణ్యతా విభాగాధిపతికి పచ్చచుక్కలంటే ప్రాణం. ఆయన వెనకాల అందరూ పచ్చబొట్టు సారనేవారు.

యంత్రం ముందుకు మొదట వచ్చింది ఒక ఆసుపత్రి లిఫ్టు. ఆ ఆసుపత్రి అయిదో అంతస్తులో ఆపరేషన్ గదులున్నాయి. అనుమానం మేడమ్ వాళ్లక్క అక్కడే నర్సు. రెండువందల పన్నెండు నియమాల్లో రెండువందల పదకొండింటికి పచ్చచుక్క పడింది. "అంతస్తు చేరకుండా తలుపు తెరుచుకోరాదు" అన్నదానికి మాత్రం ఎర్రది పడింది. మూడో నంబరు నొక్కి, తలుపు మూసే బటన్ రెండుసార్లు నొక్కి, వెంటనే అయిదు నొక్కితే లిఫ్టు దారిమధ్యలో ఆగి తలుపు బార్లా తెరుస్తుందట.

"ఇలా ఎవరు నొక్కుతారమ్మా?" అన్నాడు పచ్చబొట్టు సారు.

"కంగారులో ఉన్నవాళ్లు నొక్కుతారు సార్. ఆసుపత్రికి వచ్చేది వాళ్లే కదా?"

"అయితే తప్పు కంగారుది. మనది కాదు."

వెంటనే అసంభావ్య వ్యక్తుల ఉపసంఘం ఏర్పడింది. ప్రయాణికులు నింపాదిగా ఉంటారని ఊహించుకోమని యంత్రానికి చెప్పింది. ఎర్రచుక్క పోలేదు. ఒక్కొక్కరే ఎక్కుతారని చెప్పింది. అయినా పోలేదు. మూడో సమావేశంలో ఒక సభ్యుడు "ఎవరూ ఎక్కరనుకుంటే?" అన్నాడు. అర సెకనులో తెర నిండా పచ్చచుక్కలు. పచ్చబొట్టు సారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

అనుమానం మేడమ్‌కి ఒళ్లు మండింది. ఎవరూ ఎక్కకపోతే, ఎక్కినవాళ్ల గురించి ఏం చెప్పినా చెల్లుతుంది కదా! ఆ మాట నిరూపించడానికి కొత్త నియమం ఒకటి రాసింది: "ఎక్కిన ప్రతి ఒక్కరినీ ఈ లిఫ్టు చంద్రమండలానికి చేరుస్తుంది." పచ్చచుక్క. తీసుకెళ్లి సారుకి చూపించింది.

ఆయన నియమాన్ని పైకి చదివాడు. "చంద్రమండలం మన ఒప్పందంలో లేదే! అయినా బాగుంది, ఉండనీ."

(ప్రకటనల విభాగం వాళ్లు మర్నాటికల్లా కరపత్రం వేయించారు.)

ఆమె ఊరుకోలేదు. ప్రోగ్రాములో ఒకే ఒక్క పంక్తి మార్చి, ఉపసంఘం ఊహలన్నీ తీసేసి, యంత్రానికి మళ్లీ ఇచ్చింది. రెండువందల పన్నెండూ పచ్చగా వెలిగాయి. అయితే ఋజువైన ప్రోగ్రామును మార్చాలంటే సవరణ పత్రం కావాలి. ఆ పత్రంలో పాతదాంట్లో తప్పున్నట్టు ఋజువు చూపాలి. పాతదాంట్లో తప్పు లేదని ఋజువైపోయింది. పత్రం ఆమె సంచిలోనే ఉండిపోయింది.

ఇంటికెళ్లి అక్కకి ఫోన్ చేసింది. "అక్కా, ఆ లిఫ్టు మాత్రం ఎక్కకే."

"మరి స్ట్రెచర్‌ని మీ బావొచ్చి మోస్తాడా?" అంది అక్క.

ప్రారంభోత్సవం రోజున తనిఖీ అధికారి, ఆసుపత్రి సూపరింటెండెంటు, పచ్చబొట్టు సారు కింద లిఫ్టెక్కారు. అక్కాచెల్లెళ్లు అయిదో అంతస్తులో నిలబడ్డారు. లోపల తనిఖీ అధికారి హుందాగా మూడు నొక్కాడు. "అయిదండీ, అయిదు!" అంటూ సారు తలుపు మూసే బటన్ టకటకా రెండుసార్లు నొక్కి, అయిదు మీద గుద్దాడు.

నాలుగుకీ అయిదుకీ మధ్య లిఫ్టు ఆగింది. తలుపు బార్లా తెరుచుకుంది. ఎదురుగా గోడ, పైన అయిదో అంతస్తు నేల దగ్గర జానెడు సందు. ఆ సందులోంచి అక్కాచెల్లెళ్లకు మూడు జతల కళ్లు కనిపించాయి.

"అమ్మా, మేం ఇరుక్కుపోయాం!" అని అరిచాడు సారు.

అనుమానం మేడమ్ నేల మీద బోర్లా పడుకుని సందులోకి చూసింది. వాళ్లకి దెబ్బలేం తగల్లేదని తెలిశాక గుండె కుదుటపడింది. ఆ వెంటనే ఆమెకి నవ్వు పొంగుకొచ్చింది.

"మీరు అందులో ఉండటానికి వీల్లేదు సార్. ఎవరూ ఎక్కరని మన ఊహ."

"ఆ ఊహ నేను వెనక్కి తీసుకుంటున్నాను!"

"రాతపూర్వకంగా ఇవ్వండి సార్."

"నవ్వకే, బాగుండదు," అంటూ అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. సంచిలోని సవరణ పత్రం, కలం సందులోంచి లోపలికి వెళ్లాయి. సారు సూపరింటెండెంటు వీపు మీద పెట్టి సంతకం చేశాడు. అధికారి సారు వీపు మీద పెట్టి చేశాడు. అనుమానం మేడమ్ గోడలోని లిఫ్టు పెట్టెకు ల్యాప్‌టాప్ తగిలించి కొత్త ప్రోగ్రాము ఎక్కించింది. తలుపు మూసుకుంది. లిఫ్టు నింపాదిగా పైకొచ్చి, పెళ్లికొడుకుల్లా ముగ్గురినీ దించింది. అక్కాచెల్లెళ్లు పరుగున మందుల గదిలో దూరి, తలుపేసుకుని, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వారు.

పదిరోజులకు విచారణ నివేదిక వచ్చింది. సంతకాలు లిఫ్టు లోపల జరిగాయి. పచ్చచుక్కల ధ్రువపత్రం ప్రకారం లోపల ఎవరూ లేరు. లేనివారి సంతకాలు చెల్లవు గనుక కొత్త ప్రోగ్రామును తీసేసి, పాతదాన్ని పెట్టి, ఎవరూ ఎక్కకుండా లిఫ్టుకు తాళం వేశారు. అనుమానం మేడమ్‌ను ఉపసంఘంలో సభ్యురాలిగా వేశారు.

ప్రస్తుతం రోగులు మెట్లెక్కుతున్నారు. అయిదో అంతస్తుకు సొంత కాళ్ల మీద చేరినవారికి ఆపరేషన్ అక్కర్లేదని తేల్చి ఇంటికి పంపుతున్నారు. చేరనివారు హాజరు కానట్టే. ఆపరేషన్లు వికటించడం పూర్తిగా ఆగిపోయిందని ఆసుపత్రికి ప్రశంసాపత్రం వచ్చింది.