చైర్మన్ గారి పోస్టర్ మీద నా గేర్‌బాక్సు

మోటార్‌సైకిళ్ళ మాసపత్రిక 'చక్రధ్వని'కి నేను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చందాదారుణ్ణి. ఒక్క సంచిక పోగొట్టుకోలేదు, ఒక్క అక్షరం వదలలేదు. ఊరి బడిలో ఏడో తరగతితో చదువు చాలించినవాణ్ణి ఇవాళ కార్బురేటర్ అన్న మాట తడబడకుండా రాస్తున్నానంటే అది ఆ పత్రిక పుణ్యమే. అందుకే మొన్న వేసవిలో సికింద్రాబాద్‌లో సభ పెట్టి, ద్విచక్ర పఠనాభివృద్ధి మండలి చైర్మన్ భానుప్రకాశ్ గారు "మోటార్‌సైకిల్ పత్రికల నాణ్యత పడిపోతోంది. చూస్తూ ఊరుకునేది లేదు" అని ప్రకటించినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

ఇలాంటి మండలి ఒకటుందని ఆ ముందు రోజు దాకా ఎవరికీ తెలియదు. చైర్మన్ గారికీ తెలియదట. టికెట్ రాక అలిగిన మనిషికి పార్టీ ఏదో ఒక కుర్చీ చూపించాలి కదా. మిగిలిన కుర్చీ ఇదొక్కటే.

ఆయన నిజంగానే ఊరుకోలేదు. వారం తిరక్కుండా చక్రధ్వనిని మండలి కిందికి తెచ్చారు. నాణ్యత పెంచే మొదటి చర్యగా జూన్ సంచిక మధ్యలో నాలుగు మడతల రంగుల పోస్టర్ పెట్టించారు. విప్పితే చాపంత. అందులో చైర్మన్ గారు తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలతో ఎర్ర బండి మీద దూసుకుపోతూ ఉంటారు. బండి స్టాండు మీద ఉంటుంది.

అదే సంచికలో, వెళ్ళిపోతూ పాత సంపాదకుడు అచ్చుకిచ్చిన వ్యాసం ఒకటి ఉంది. 'పాతకాలపు గేర్‌బాక్సు: మొదటి భాగం, విప్పుట. రెండో భాగం, బిగించుట, వచ్చే సంచికలో. అందాకా భాగాలను కదిలించరాదు.'

ఆ గేర్‌బాక్సు అచ్చంగా నా బండిదే. నాది 1968 నాటి బండి. 1979లో మెట్టుగూడ దగ్గర పట్టాల పక్కన పందెం వేసుకుని ప్యాసింజర్ రైలును దాటేసింది. గార్డు పచ్చజెండా ఊపి ఓటమి ఒప్పుకున్నాడు. అంతటి బండికి ఇప్పుడు రెండో గేరు నిలవడం లేదు. సెప్టెంబరు ఆఖరుకు రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. ఇన్‌స్పెక్టర్ ముందు నడిపి చూపిస్తే మరో అయిదేళ్ళు, లేకపోతే తుక్కు. మా ఆవిడ సుమిత్ర కూడా బండి క్షేమమే కోరుతోంది. "గా బండి పోతే నువ్వు దినమంత ఇంట్లనే కూసుంటవ్. నేను బతకాల్నా వద్దా?" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

రాంగోపాల్‌పేట్‌లో చాంద్‌పాషా షెడ్డుకు తోలుకుపోయాను.

చాంద్‌పాషా పనితనం గురించి ఒక మాట చెప్పాలి. ఇంజన్ విప్పితే కింద కాగితం పరుస్తాడు. ముందు ఊడింది ఎడమ పక్క పైన, తర్వాతిది దాని పక్కన, అలా వరసగా పేర్చుకుంటూ పోతాడు. ఆ వరసే ఆయనకు పటం. ఇక చక్రధ్వనిలో రిపేరు పేజీలను మాత్రం సబ్బుతో చేతులు రుద్ది కడుక్కున్నాకే ముట్టుకుంటాడు. వాటికి ప్లాస్టిక్ కవరు తొడిగి మేకుకు తగిలిస్తాడు. ముప్ఫై ఏళ్ళయినా వాటి మీద మరక ఉండదు.

"భద్రయ్యన్నా, జెర ఆగుదాం. రెండు భాగాలొచ్చినంక ఇప్పుతా," అన్నాడు.

"చాంద్‌భాయ్, గిన్నేండ్లల్ల గా పుస్తకం ఎన్నడన్న మాట తప్పిందా?"

"తప్పలే."

"మరింకేంది! షురూ చెయ్."

ఆ రోజు షెడ్డులో పాత పేపర్లు అయిపోయాయి. చైర్మన్ గారి పోస్టర్ పరిచాడు. సాయంత్రానికి నా గేర్‌బాక్సు నలభై మూడు ముక్కలై ఆయన మీద కొలువుదీరింది. పెద్ద పళ్ళ చక్రం ఎడమ బుగ్గ మీద, స్ప్రింగులు మీసాల మీద, గేరు ఫోర్కు చొక్కా జేబులో.

స్పేర్ పార్టుల కౌంటరు చూసుకునే చాంద్‌పాషా కూతురు నిఖత్ తొంగిచూసింది. "అబ్బాజాన్, ఫోన్ల ఫొటో కొట్టి పెట్టాల్నా?"

"ఎందుకు బేటీ, పుస్తకం వస్తది గదా."

జూలై పుస్తకం వచ్చింది. రిపేరు పేజీల చోట 'చైర్మన్ గారి బాల్యం' ఉంది. ఆయన మూడేళ్ళ వయసులోనే మూడు చక్రాల సైకిల్లో ఒక చక్రం వృథా అని గ్రహించారట. ఆగస్టు సంచికలో రోడ్ టెస్ట్ వేశారు. ఎక్కడ కంపెనీ ప్రకటన అయిపోయి ఎక్కడ టెస్ట్ మొదలైందో భూతద్దం పెట్టినా దొరకలేదు. 'ఈ బండి నడుస్తుందని కంపెనీ వారు తెలిపారు' అని తేల్చారు. పాఠకుల లేఖల్లో ఆరుగురు అవే నాలుగు వాక్యాలు రాసి పత్రికను మెచ్చుకున్నారు. పాఠకుల్లో ఇంత ఐకమత్యం నేనెన్నడూ చూడలేదు.

చాంద్‌పాషా పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. "అన్నా, చందా బంద్ చేస్తా," అన్నాడు.

ఇద్దరం రెజిమెంటల్ బజార్‌లో ఉన్న పత్రిక ఆఫీసుకు వెళ్ళాం. కౌంటర్లో యోగిత అనే అమ్మాయి మర్యాదగా ఫారం ఇచ్చింది. ఒక సంవత్సరం, మూడు సంవత్సరాలు, జీవితకాలం.

"బంద్ చేసుడు యాడుంది బేటీ?" చాంద్‌పాషా అడిగాడు.

"ఆ ఆప్షన్ లేదు అంకుల్. సిస్టమ్ తీసుకోదు."

"మరి చదువుడు బంద్ చేస్తే?"

"దానికి పర్మిషన్ అక్కర్లేదు అంకుల్. కంప్లైంట్ రాసుకుంటా." నా వైపు తిరిగింది. "తాతగారూ, మీ చందా నంబర్?"

అక్కడ చిన్న చిక్కు వచ్చింది. నేనెప్పుడూ చందా కట్టలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కట్టింది చాంద్‌పాషా. నేను ఆయన స్టూలు మీద కూర్చుని, ఆయన చాయ్ తాగుతూ చదివాను. ఒక్క అక్షరం వదలలేదన్నది కూడా బొమ్మల కింది అక్షరాల సంగతే.

"నా నంబరే రాయి బేటీ," అన్నాడు చాంద్‌పాషా. "ఈ పెద్దాయన నా చందాకు చందాదారుడు."

ఫిర్యాదు చైర్మన్ గారి దాకా పోయింది. ఆయన చలించిపోయారు. ఊహాగానాలు వద్దు, శాస్త్రీయ సర్వే చేయండన్నారు. పాఠకుల దగ్గర పుస్తకాలు వాపసు తీసుకుని ఏ పేజీ మీద ఎన్ని చేతిగుర్తులున్నాయో లెక్కపెట్టాలి. గుర్తులున్న పేజీ చదివిన పేజీ, లేనిది చదవని పేజీ. దీనికి కన్వీనర్ పార్టీ కార్యకర్త తిరుమల్. నలుగురు మనుషుల్ని వేసుకుని షెడ్డుకు వచ్చాడు. మేకుకున్న రిపేరు పేజీలు తీసుకున్నాడు. కిందికి చూసి ఆగిపోయాడు.

"చాచా, సార్ మీద గీ ఇనుప సామానేంది?"

"ముట్టకు బిడ్డా, అది వరస!"

"వరస గిరస కాదు, ఇది ఎవిడెన్స్. లేపండ్రా!"

పోస్టర్‌ను నాలుగు మూలలూ పట్టి లేపి పట్టుకుపోయారు. నలభై మూడు ముక్కలూ గలగలమంటూ రేకు తట్టలో పడ్డాయి. చాంద్‌పాషా ఆ తట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. గడువుకు పదకొండు రోజులున్నాయి. రిపేరు చేయలేక బండి తుక్కుకు పంపిన మచ్చ ఆయనకు అంతవరకూ లేదు.

"రెండో భాగం లేకపోయినా వరస ఉండె," అన్నాడు. "ఇప్పుడు గా వరస సుత లేదు."

సర్వే ఫలితాలను చైర్మన్ గారు విలేకరులకు స్వయంగా చదివి వినిపించారు. రిపేరు పేజీల మీద గుర్తులు: సున్నా. చైర్మన్ గారి పోస్టర్ మీద: రెండు వందల పైచిలుకు, బొటనవేళ్ళు గాక గుండ్రటి గుర్తులు అదనం. "ఒక పాఠకుడు నా ముఖాన్ని ఎంతగా చదివాడో చూడండి, కాగితం నల్లబడిపోయింది," అన్నారు. ఎవరూ చదవని రిపేరు పేజీలను శాశ్వతంగా రద్దు చేశారు. చాంద్‌పాషాను ఉత్తమ పాఠకుడిగా ప్రకటించారు.

సన్మానం ఆఫీసులోనే. గోడ మీద అద్దాల ఫ్రేములో పోస్టర్, దాని మీద పూలదండ. శాలువా కప్పుతూ చైర్మన్ గారు అడిగారు. "నా పేజీ రోజుకు ఎన్నిసార్లు చూస్తారు?"

"మూడు నెలల సంది దాని మీదికెళ్ళి కండ్లు తియ్యలే సార్," అన్నాడు చాంద్‌పాషా. ఆయన అబద్ధమాడడు.

చైర్మన్ గారు కరిగిపోయారు. బల్ల మీదున్న జూన్ సంచిక తీసుకుని, గేర్‌బాక్సు వ్యాసం తెరిచి, నిలబడే అరపేజీ చదివారు. "బాగుందే! దీని మిగతా భాగం ఏది?"

"సర్వేల సున్నా వచ్చింది సార్," అన్నాడు తిరుమల్.

"సార్, గా బిగించుడు ఒక్కటి అచ్చేయిస్తే చాలు. నా ఇజ్జత్ సవాల్," చాంద్‌పాషా చేతులు జోడించాడు.

"పాషా గారూ, మీకోసం ప్రాణమిస్తా. కానీ సర్వే ప్రజల తీర్పు. దానికి నేను ఎదురు పోలేను."

నేను ఆశ వదిలేసుకుని మిఠాయి పళ్ళెం దగ్గరికి నడిచాను. నిఖత్ మాత్రం ఫ్రేమునే చూస్తోంది. దగ్గరికి పోయింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ దగ్గరికి పోయింది.

"సార్, మీ పోస్టర్‌తోని ఒక సెల్ఫీ దిగొచ్చా?"

"తప్పకుండా తల్లీ! దండ తీసేయండ్రా, అమ్మాయికి అడ్డం వస్తోంది."

దండ తీశారు. నిఖత్ ఇరవై రెండు సెల్ఫీలు దిగింది. ఒక్కదాంట్లోనూ నిఖత్ లేదు.

ఆ మధ్యాహ్నమే షెడ్డులో సుద్దముక్కతో నేల మీద చైర్మన్ గారిని గీశాం. ఫోన్ చూసి నిఖత్ చెబుతోంది. "ఎడమ బుగ్గ, పెద్ద పండ్ల చక్రం. మీసం కుడి కొస, చిన్న స్ప్రింగు. భద్రయ్య చాచా, మీరు జేబు మీద నిలబడ్డరు, జరుగుండ్రి." చాంద్‌పాషా ఒక్కో మరక ఆకారం చూసి ఒక్కో ముక్కను దాని చోట పెట్టాడు. రెండో రోజుకు గేర్‌బాక్సు బిగిసింది. ఒక వాషర్ మిగిలింది. ఎంత వెతికినా దాని చోటు తెలియలేదు. బండి ఇన్‌స్పెక్టర్ ముందు గుండ్రంగా రెండు చుట్లు తిరిగి పాసయ్యాక ఫొటో మళ్ళీ చూశాం. చైర్మన్ గారి నుదుటి మీద ఉన్నది బొట్టు కాదు.

చాంద్‌పాషా మూడేళ్ళ చందా కట్టాడు. "పోస్టర్ కాగితం మంచిగున్నదన్నా, ముద్ర సాఫ్ పడ్తది," అన్నాడు. సంగతి పాకి, రాంగోపాల్‌పేట్ నుంచి మెట్టుగూడ దాకా షెడ్డు ఉన్న ప్రతివాడూ చందా కట్టాడు. పత్రిక చరిత్రలో అంతమంది పాఠకులు ఎన్నడూ లేరు. నాణ్యత తిరిగి వచ్చిందని చైర్మన్ గారు మరో సభ పెట్టి ప్రకటించారు. ఈసారి పోస్టర్ ఎనిమిది మడతలు.

ఇదంతా నమ్మని వాళ్ళకు వాషర్ చూపిస్తాను, నా జేబులోనే ఉంది. రైలును దాటడం నిజం, గార్డు జెండా నిజం. కల్పించింది ఒక్కటే, దాచడమెందుకు: చైర్మన్ గారు అరపేజీ చదివారన్నది.