సరస్సు మీద రెండో కారు

మార్చి నెలాఖరు శనివారం పొద్దున లియోనార్డ్ పాసిక్ కాఫీ తాగుతూ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ రోజు తానూ సరస్సు మీదికి కారు తోలుకుపోయి, మంచులో కన్నం పెట్టి, చేపలు పట్టాలి. షికాగోలో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి, రిటైరై, మిన్నెసోటా ఉత్తరాన హాల్వర్ అనే ఈ ఊళ్లో ఇల్లు కొనుక్కుని ఐదు నెలలైంది. ఇప్పటికీ అందరికీ అతను "ఆ షికాగో ఆయన" మాత్రమే. ఎనిమిది వందల జనంలో ఒక్కరి నోటా అతని పేరు పలకలేదు. చలికాలమంతా ఊరివాళ్లు గడ్డకట్టిన నీళ్ల మీద లారీలు కూడా తిప్పుతుంటే, అతను కిటికీ దగ్గర నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాడు. తానూ అలా ఒక్కసారి తిరిగితే ఊరివాణ్ణి అయిపోతానని అతని నమ్మకం. ధైర్యం కూడగట్టుకునేసరికి మార్చి వచ్చేసింది.

అతని కారు నీలం రంగుది, రిటైరైన రోజున కొన్నది. దాన్ని తుడిచినంత శ్రద్ధగా మొగుడు తన మొహం ఏనాడూ తుడుచుకోలేదని భార్య డోలోరెస్ అంటుంది.

ఒడ్డుకు వెళ్లి చూస్తే సరస్సు మీద ఒకే ఒక కారు ఉంది. పాతది, గోధుమరంగుది. సిటీ మనిషి లెక్క తేలిక: ఒక కారు ఆగి ఉందంటే అక్కడ పార్కింగ్ ఉన్నట్టే. తీసుకెళ్లి దాని పక్కనే, గీత గీసినట్టు, మూడడుగుల ఎడంలో ఆపాడు. కింద మంచు మూలిగింది. ఆ మూలుగు అవతలి ఒడ్డుదాకా పోయి, గుట్టను తాకి, తిరిగొచ్చి అతని బూట్ల కిందుగా వెళ్లిపోయింది. అంత పెద్ద చప్పుడుకి ఎలా మర్యాద చెయ్యాలో తెలియక లియోనార్డ్ టోపీ తీశాడు. ఎర డబ్బా ఇంట్లో మరిచిపోయినట్టు అప్పుడు గుర్తొచ్చి, నడుచుకుంటూ వెనక్కి బయల్దేరాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. ఏటా ఆ ఊరి ఫైరింజను వాళ్లు, ఇంజను పీకేసిన డొక్కు కారొకటి మంచు మీద పెడతారు. అది ఏ రోజు, ఏ నిమిషాన మునుగుతుందో ఊరంతా చీటీల మీద రాసిస్తుంది. ఎవరి చీటీ సరిపడితే వాళ్లింటికి ఏడాది పొడుగునా వారానికో ఆపిల్ పై, అంటే ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె, వస్తుంది. మనుషులు ఎక్కి తిరిగే బళ్లన్నీ ఒడ్డుకు చేరి అప్పటికే రెండు వారాలైంది.

ఒడ్డు మీద కాఫీ హోటల్ నడిపే వెర్నా కిటికీలోంచి చూసి, "ఈ ఏడు ఆర్విడ్ రెండోది కూడా పెట్టాడే, మనతో మాట మాత్రం అనకుండా," అంది. ఆర్విడ్ అంటే ఫైరింజను పెద్ద.

"మంచి కారులా ఉంది. ముంచడానికి వాడికి చేతులెలా వచ్చాయో," అన్నాడు పాడిరైతు గుస్టాఫ్.

"చేతులొస్తే వచ్చాయిలే. నువ్వు చీటీ రాస్తావా, రాయవా?"

పావుగంటలో నలభై చీటీలు పడ్డాయి. దారిలో కాఫీ కోసం లియోనార్డ్ లోపలికొస్తే, వెర్నా అతని ముందుకీ ఒకటి తోసింది. "నీలం కారుకి. పేరు, టైము రాయి బాబూ."

పార్కింగ్ చీటీ అనుకున్నాడు లియోనార్డ్. "ఎంత?"

"ఊరికే."

పార్కింగ్ ఊరికే ఇచ్చే ఊరు భూమ్మీద ఉందా అని అతని కళ్లు చెమర్చాయి. పేరు రాసి, ఈ సాయంత్రం నాలుగున్నర అని వేశాడు.

"ఈ రోజేనా?" అంది వెర్నా.

"ఇంకా ముందే కావచ్చు. చేపల్ని బట్టి ఉంటుంది."

హోటలంతా ఆ మాట గురించి గౌరవంగా ఆలోచించింది. ముగ్గురు లేచి తమ చీటీలు దిద్దుకున్నారు.

అప్పుడే తలుపు తోసుకుని ఆర్విడ్ వచ్చాడు. "ఎవడ్రా నా డొక్కు కారు పక్కన పెళ్లికూతుర్ని కూర్చోబెట్టింది?"

అతని వెనకే డోలోరెస్. "ఏమయ్యా, కారేది? చర్చికి గిన్నెలు తీసుకెళ్లాలి."

"సరస్సు మీద పార్క్ చేశాను. చీటీ కూడా ఇచ్చారు," అన్నాడు లియోనార్డ్.

వెర్నా కాఫీ కూజా కింద పెట్టింది. ఆర్విడ్ కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్లీ లేచి, సైరన్ మోగించడానికి పరిగెత్తాడు.

ఆ తర్వాత జరిగింది లియోనార్డ్ ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతాడు. అయిదు నిమిషాల్లో మూడు వందల మంది ఒడ్డున నిలబడ్డారు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పకుండానే. చర్చి గంట తాడు, పడవల తాళ్లు, బట్టలారేసే తీగలు కలిపి ముడేశారు. ఇంకా నలభై అడుగులు తక్కువైంది. గోధుమరంగు కారు నుంచి ఒడ్డు మీది గడియారానికి ఓ తాడుంటుంది. కారు మునిగితే అది ప్లగ్గు లాగేసి టైము ఆపుతుంది. ఆర్విడ్ దాన్నీ ఒడ్డు వైపు విప్పి, కావలసినంత కోసి కలిపేశాడు. తాడు కొస తీసుకెళ్లడానికి ఊళ్లో అందరికన్నా తేలికైన మనిషి కావాలి. లెంపి మామ్మ, ఎనభై ఒకటో ఏడు, నోట్లో చుట్ట తియ్యకుండా చెక్క మీద బోర్లా పడుకుని, చేతులతో తోసుకుంటూ వెళ్లింది. కింద మంచు పలకలు పలకలుగా విరుగుతూ పాడుతోంది. కారుకి ముడేసి, అదే చెక్క మీద తిరిగొచ్చి, "గేరులో పెట్టి వదిలాడు, మొద్దు మొహం. తీసి వచ్చాను," అంది.

ఊరంతా తాడు భుజానికెత్తుకుని, సరస్సుకి వీపు పెట్టి, రోడ్డెక్కి నడిచింది. పసిపిల్లలున్న తల్లులు కూడా ఒంటి చేత్తో లాగారు. అడ్డొస్తున్నాడని లియోనార్డ్‌ని పక్కకు తోసేశారు. అతనొక్కడే సరస్సుకేసి చూస్తూ ఉండిపోయాడు. తన కారు, వెనకే నీళ్లు నోరు తెరుస్తుండగా, మంచు మీద రాణీగారిలా జారి ఒడ్డుకొచ్చింది.

అందరూ వెనక్కి తిరిగారు. గోధుమరంగు కారు లేదు. ఒడ్డు మీద గడియారం హాయిగా తిరుగుతోంది.

"ఎప్పుడు మునిగింది?" అన్నాడు ఆర్విడ్. మూడు వందల జతల కళ్లు లియోనార్డ్ మీద వాలాయి.

"పదకొండున్నర అయి ఉంటుంది కదూ, పాసిక్ గారూ," అన్నాడు గుస్టాఫ్ నెమ్మదిగా, తన చీటీలో రాసిన టైమే.

"కంగారు పెట్టకు. పదకొండూ నలభై అని లియోనార్డ్ నోటితో లియోనార్డే చెబుతాడు," అంది లెంపి మామ్మ. ఐదు నెలల్లో మొదటిసారి ఊరందరికీ అతని పేరు గుర్తొచ్చింది.

ఎవరి మాట నిలబెట్టినా ఆ ఇంట్లో అతనికి జీవితాంతం భోజనం దొరికేట్టుంది. కానీ ముప్పై ఏళ్లు బస్సు నడిపిన కళ్లు. ఏం జరిగినా ముందు వాచీ వైపే పోతాయి. "పదకొండూ పదిహేడు," అన్నాడు.

వెర్నా చీటీల పెట్టె తెచ్చి వెతికింది. ఒక చీటీ తీసి రెండుసార్లు చదువుకుంది. "ఈ రోజు, పదకొండూ పదిహేడు. డోలోరెస్ పాసిక్."

అందరూ డోలోరెస్ వైపు తిరిగారు. "నెల కిందట చర్చిలో ఏదో ఒకటి రాయమన్నారు," అంది డోలోరెస్, వినీ వినిపించకుండా. ఊరు వదిలిపోవడానికి సామాను ఎలా సర్దాలో లియోనార్డ్ మనసులో ఆలోచించుకున్నాడు.

ఆర్విడ్ గడ్డం గోక్కున్నాడు. "అబద్ధమాడేవాడైతే నా టైము చెప్పి మంచివాడైపోయేవాడు. ఇంతమంది ముందు పెళ్లాం టైము చెప్పాడంటే నిజమే అయ్యుండాలి. ఇంత తెలివితక్కువ నిజం నేనెన్నడూ వినలేదు. రాసెయ్ వెర్నా."

ఊరు ఒక్క నిమిషం ఆలోచించి, వచ్చి, ఒక్కొక్కరుగా లియోనార్డ్ వీపు తట్టింది. గుస్టాఫ్ గట్టిగానే తట్టాడు. లియోనార్డ్ నీలం కారును కావలించుకున్నంత పనిచేసి, జేబురుమాలుతో దాని అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"తుడువు, తుడువు. గెలిచిన ఇంటివాళ్ల కారే వచ్చే చలికాలం మంచు మీదికి పోయేది," అన్నాడు ఆర్విడ్. "తాతల నాటి రూలు."

తెల్లటి మంచు మీద నీలం రంగు బాగా కనిపిస్తుందని ఊరంతా ఒప్పుకుంది.