జింక వెనక నా బనీను

మీ పెరడు శుభ్రపడాలా? పనిమనిషి కోసం వెతక్కండి. జింకల ఫోటోలు తీసే అల్లుణ్ణి తెచ్చుకోండి!

నవ్వకండి. నేను నోరు తెరవడమే తక్కువ. ఇంత రాస్తున్నానంటే అనుభవం ఉండే రాస్తున్నాను.

మాది వీధి చివరి ఇల్లు. పెరడు దాటితే ముళ్లపొద, పొద దాటితే అడవి. పొద్దు వాలగానే చెవి చిరిగిన ఆడజింక ఒకటి వస్తుంది. మా ఆవిడ పెరటి గోడ పక్కన కూరగాయల తొక్కలు పోసి, వంటింటి కిటికీ దగ్గర నిలబడుతుంది. జింక ముందు పొదలోనే ఆగి, అటూ ఇటూ చూసుకుని, అప్పుడు బయటికొచ్చి తింటుంది. రోజు మొత్తంలో మా ఆవిడకు తనదంటూ ఉండేది ఆ కాసేపే. ఆ సమయంలో నేను మంచినీళ్లు కూడా అడగను.

అలాంటి ఇంటికి అల్లుడుగారు కెమెరాతో వేంచేశారు. లెన్సు రోకలిబండంత!

మొదటి ఫోటోలో జింక పొగలా వచ్చింది. వెలుతురు చాలలేదట. వెనక తీగ మీది నా బనీను మాత్రం చిరుగులతో సహా దివ్యంగా వచ్చింది. అల్లుడుగారు దాన్ని స్నేహితులందరికీ పంపారు. బనీనుకు మంచి పేరొచ్చింది. జింక ఎక్కడుందని ఒకాయన అడిగాడట.

"మామయ్యగారూ, బ్యాక్‌గ్రౌండ్ కాస్త డిస్టర్బ్ చేస్తోందండీ" అన్నారు అల్లుడుగారు.

"ఊఁ" అన్నాను. బనీను తీసేశాను.

ఆదివారానికొకటి చొప్పున శుభ్రం మొదలైంది. తీగ పోయింది. చిల్లు బకెట్ పోయింది. ఎన్నేళ్లుగానో బాగుచేయిస్తానని నేను మాటిస్తూ వచ్చిన సైకిలూ పోయింది. మా ఆవిడ పోరినా కదలనివన్నీ ఒక్క బ్యాక్‌గ్రౌండ్ అనే మాటకు కదిలాయి. ఇది మేలు కాదా?

వెలుతురు కోసం పెరట్లో ఫ్లడ్‌లైట్ కట్టారు. వంటింటి బల్బు పసుపు దాంతో కలవడం లేదని బల్బు ఆర్పించారు. మా ఆవిడ చీకట్లో కూర తరగడం నేర్చుకుంది. ఈ వయసులో కొత్త విద్య!

అడవి వైపు నుంచి తీస్తే ఇంకో ఇబ్బంది వచ్చింది. జింక వెనక కిటికీ, కిటికీలో మా ఆవిడ.

"అత్తయ్యగారూ, కొంచెం పక్కకు జరుగుతారా?"

జరిగింది. ఇంతకాలం కాపురం చేసినా ఆవిడ బ్యాక్‌గ్రౌండ్ అని నాకు తట్టనే లేదు. చదువుకున్నవాళ్లు చదువుకున్నవాళ్లే!

ఇంటి వైపు నుంచి తీస్తే వెనక పొద అడ్డం. దాని కొమ్మలు తల వెనక పడి, ఫోటోలో ఆడజింకకు కొమ్ములు మొలిచాయి. అల్లుడుగారు చాలా బాధపడ్డారు. మనుషుల్ని పిలిపించి పొద కొట్టించేశారు.

ఇప్పుడు చూడాలి మా పెరడు! అద్దంలా ఉంది. అల్లుడుగారు స్టాండు వేసుకుని కూర్చున్నారు. బ్యాక్‌గ్రౌండ్ బ్రహ్మాండం. వెలుతురు బ్రహ్మాండం. జింక రాలేదు.

మరో ఆదివారమూ రాలేదు. ఆగి చూసుకోవడానికి చాటు లేని చోటికి అది ఎందుకొస్తుంది? అల్లుడుగారు కెమెరా సర్దుకుని, వస్తే ఫోన్ చేయమని చెప్పి వెళ్లారు. తొక్కలు గోడ పక్కనే ఎండిపోయాయి. మా ఆవిడ అయినా పోస్తూనే ఉంది. కిటికీ దగ్గర మాత్రం నిలబడడం మానేసింది.

ఒకరోజు తనే నా బనీను తెచ్చి చేతిలో పెట్టింది.

"తీగ కట్టి దీన్ని ఆరేయండి."

"ఆరిపోయిందిగా."

"ఆరడానికి కాదు."

ఫ్లడ్‌లైట్ పీకేశాను. తీగ కట్టాను. చిల్లు బకెట్ వెతికి తెచ్చి బోర్లించాను. కొట్టేసిన ముళ్లకంప అడవి అంచున పడి ఉంటే లాక్కొచ్చి పాత చోటే పోగేశాను. చేతులు గీరుకుపోయాయి. పెరడు మళ్లీ దరిద్రంగా తయారైంది.

నిన్న పొద్దు వాలాక అల్లుడుగారు ఫోన్ చేశారు.

"మామయ్యగారూ, జింక ఏమైనా వస్తోందా?"

కంప వెనక చిరిగిన చెవి ఒకటి కదిలింది. వంటింట్లో పసుపు బల్బు వెలుగుతోంది. కిటికీలో మా ఆవిడ ఉంది.

"వెలుతురు లేదు బాబూ. బ్యాక్‌గ్రౌండ్ అస్సలు బాగాలేదు" అని ఫోన్ పెట్టేశాను.